కార్బ్ ఎస్టీమ్‌ని ఇంజెక్షన్‌కి మార్చాలంటే ఈసీయూ కంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చిత్తూరులో 1997 ఎస్టీమ్, 1298 సీసీ, 8 వాల్వ్ కార్బ్ (కార్బ్యురేటర్) బండి. హెడ్డు పోర్టింగ్ అయింది, పెద్ద క్యామ్, 4-2-1 హెడర్ (ఇంజన్ నుంచి పొగ తీసే గొట్టాలు) పడ్డాయి, కంపెనీ కార్బ్ తీసేసి 32/36 ట్విన్ చోక్ వెబర్ కూర్చోబెట్టారు. ఊళ్లో బాగానే పోతుంది. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు వంపుల్లో ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు ఆగి మళ్లీ లాగుతుంది. మే నెలలో బంగారుపాళెంలో టీకి ఆపి బయల్దేరబోతే సెల్ఫ్ పదిసార్లు కొట్టాలి. ఇంజెక్షన్ చేస్తే ఇవి పోతాయా, పవర్ ఎంత పెరుగుతుంది, ఏ ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా) కొనాలి అని మూడు అడిగారు.

పోతాయి. పవర్ మాత్రం చెప్పుకోదగ్గంత పెరగదు. సరిగ్గా జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే చిన్న రంధ్రాలు) కుదిర్చిన 32/36కీ, సరిగ్గా మ్యాప్ చేసిన (ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో ఈసీయూలో పట్టిక కుదిర్చిన) ఇంజెక్షన్‌కీ ఫుల్ థ్రాటిల్‌లో తేడా తక్కువ. మీకు దొరికేది సగం యాక్సిలరేటర్‌లో శుభ్రమైన లాగుడు, వేడి మీద స్టార్టింగ్, ఎండాకాలం వానాకాలం ఒకేలా నడిచే బండి. ఇక ఈసీయూ ప్రశ్న చివరిది. ముందు పెట్రోల్ ప్రెషర్, తర్వాత క్రాంక్ సెన్సార్ (ఇంజన్ ఏ స్థానంలో తిరుగుతోందో ఈసీయూకి చెప్పేది), ఆ తర్వాత ఎర్త్‌లు. ఈసీయూ వంతు వాటి తర్వాతే. మార్పిడి చేశాక షెడ్డులో నిలబడిపోయే బండ్లు ఈ మూడింటి దగ్గరే నిలబడతాయి, నింద మాత్రం డబ్బా మీద పడుతుంది.

ఘాట్‌లో ఆగడానికి ఎత్తు కారణం కాదు

"పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, కార్బ్ తట్టుకోలేదు" అని మెకానిక్ చెప్పి ఉంటాడు. చిత్తూరు సుమారు 330 మీటర్ల ఎత్తు, ఘాట్ పైనున్న పలమనేరు 680 చుట్టుపక్కల. ఈ 350 మీటర్లకు గాలి సాంద్రత తగ్గేది 4 శాతం లోపే. అదే జెట్‌తో మిశ్రమం చిక్కబడేది అందులో సగం, అంటే 2 శాతం. అంతమాత్రానికి ఏ ఇంజనూ గొంతు పట్టుకోదు.

అసలు సంగతి కార్బ్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెది. ఎక్కుడు వాలులో వంపు తిరిగినప్పుడు గిన్నెలో పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి మెయిన్ జెట్ నోరు తేలిపోతుంది. లేదంటే రెండో పక్కకు ఒరిగి పొర్లుతుంది. టీకి ఆపినప్పుడు జరిగేది వేరు. ఇంజన్ ఆగితే నీళ్లూ ఆగుతాయి, ఫ్యానూ ఆగుతుంది, హెడర్ వేడంతా కార్బ్‌కి ఎక్కుతుంది. గిన్నెలో పెట్రోల్ మరిగి మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) లోకి దిగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఇంకా తొందరగా ఆవిరి పడుతుంది. ఈ రెండూ సరిగ్గా చేసిన ఇంజెక్షన్‌తో పోయే రోగాలు.

ఒక్క రూపాయి పెట్టే ముందు

కంప్రెషన్ చూడండి, నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. తర్వాత వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ చూసి మిశ్రమం ఎలా ఉందో చెప్పేది) ఒక్కటి కొని, బండిని కార్బ్ మీదే ఉంచి, వారం రోజులు రీడింగ్ చూడండి. ఈ సెన్సార్ ఎలాగూ తర్వాత కావాల్సిందే, వృథా పోదు.

ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది ఈ20. మామూలు పెట్రోల్‌కి పూర్తిగా కాలే గాలి-పెట్రోల్ నిష్పత్తి 14.7 అయితే, 20 శాతం ఇథనాల్ కలిస్తే అది 13.5 దగ్గరికి వస్తుంది. పాత జెట్ మీద బండి 8, 9 శాతం లీన్‌గా (పెట్రోల్ తక్కువై) నడుస్తున్నట్టు లెక్క. జెట్ దారి వైశాల్యం 8 శాతం పెరగాలంటే వ్యాసం 4 శాతం పెరిగితే చాలు, అంటే 130 జెట్ స్థానంలో 135. ఫుల్ థ్రాటిల్‌లో మీ లాంబ్డా (పూర్తిగా కాలే మిశ్రమం 1, అంకె పెరిగేకొద్దీ లీన్) 0.95 పైన కనిపిస్తే ముందు ఈ పని చేసి చూడండి. సగం జబ్బు అక్కడే తగ్గితే మార్పిడిని నిదానంగా, సామాను పోగేసుకుని చేసుకోవచ్చు.

సెన్సార్ బుష్‌ని నాలుగు పైపులు కలిసే చోటు నుంచి 45, 60 సెంటీమీటర్ల కిందికి వెల్డ్ చేయించండి. సెన్సార్ అడ్డంగా పడుకోకూడదు, కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలి. లేకపోతే పొద్దున పూట సైలెన్సర్‌లో పట్టిన నీటిచుక్క తగిలి లోపలి పింగాణీ పగులుతుంది. దానికి పైన ఎక్కడ గ్యాస్కెట్ లీకున్నా బయటి గాలి కలిసి లీన్ అని అబద్ధం చెబుతుంది.

పెట్రోల్ లైను

కార్బ్ బండి మెకానికల్ పంపు ఇచ్చేది 0.2, 0.3 బార్. ఇంజెక్షన్‌కి కావాల్సింది 3 బార్. కాబట్టి ట్యాంకు నుంచి రైలు (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే పైపు) దాకా అంతా కొత్తదే. పాత పంపు తీసిన రంధ్రానికి ప్లేటు, గ్యాస్కెట్ వేసి మూసేయండి.

లెక్క ఇలా కట్టండి. మీ ఇంజన్ నుంచి 90 హార్స్‌పవర్ అనుకుందాం. ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి 5.25 సీసీ పెట్రోల్, మొత్తం 472. ఈ20కి 8 శాతం కలిపితే 510. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి 128. ఇంజెక్టర్‌ని 80 శాతం కంటే ఎక్కువ సేపు తెరిచి ఉంచకూడదు కాబట్టి 160 సీసీ. అంటే 3 బార్ దగ్గర 180 నుంచి 220 సీసీ ఇంజెక్టర్ చాలు.

"రేపు టర్బో వేస్తానేమో" అని 440 సీసీవి కొనకండి. ఐడిల్‌లో ఈ ఇంజన్ ఒక్కో సిలిండర్‌కి తాగేది నిమిషానికి 4 సీసీ చిల్లర. 180 సీసీ ఇంజెక్టర్ అయితే ఒక్కో చిమ్ముకి 1.5 మిల్లీసెకను పెట్రోల్ వదులుతుంది, 440 అయితే 0.6 మాత్రమే. రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయి వోల్టేజి ఒక వోల్టు పడితే ఇంజెక్టర్ తెరుచుకోవడానికే 0.1 మిల్లీసెకను ఆలస్యమవుతుంది. 1.5లో అది 7 శాతం, సర్దుకుంటుంది. 0.6లో 16 శాతం, బండి ఊగి ఆగిపోతుంది.

పాత ఇంజెక్టర్లు కొంటే మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. 12 నుంచి 16 ఓమ్స్ ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. 2, 3 ఓమ్స్‌వి మామూలు ఈసీయూ అవుట్‌పుట్‌ని కాల్చేస్తాయి. క్లీనింగ్ బెంచి మీద నాలుగింటినీ నడిపించి, పడే పెట్రోల్‌లో తేడా 3 శాతం లోపు ఉన్నవే వాడండి.

పంపు 3 బార్ దగ్గర గంటకు 80 లీటర్లయినా ఇవ్వాలి. ఇంజన్ తాగేది 31 లీటర్లే, మిగిలింది తిరిగి ట్యాంకుకి పోతుంది. ఆ తిరుగుడే రైలుని చల్లగా ఉంచుతుంది. అందుకే మన ఎండలకు రిటర్న్ లైను ఉన్న పద్ధతే మేలంటాను. బయట బిగించే పంపు నెట్టగలదు గానీ పీల్చలేదు. ట్యాంకు అడుగు కంటే కిందే బిగించండి. పంపుకి ముందు 100 మైక్రాన్ ఫిల్టర్, తర్వాత 10 మైక్రాన్ ఫిల్టర్. ఇవి తారుమారు చేస్తే సన్నటి ఫిల్టర్ మూసుకుని పంపు అరుస్తుంది, నెలలో పోతుంది.

పాత ట్యాంకు లోపల ఇంజెక్షన్ బండికి ఉండే గిన్నెలాంటిది ఉండదు. పావు ట్యాంకు మీద ఘాట్ వంపు తిరిగితే పంపు గాలి పీలుస్తుంది. ఫ్లోట్ గిన్నె జబ్బుని ట్యాంకులోకి మార్చుకున్నట్టే అవుతుంది. ఒకటిన్నర, రెండు లీటర్ల సర్జ్ ట్యాంకు తప్పనిసరి. చిన్న లో-ప్రెషర్ పంపు దాన్ని నింపుతుంది, పెద్ద పంపు దాని అడుగు నుంచి తీసుకుంటుంది, మిగులు పైనుంచి ట్యాంకుకి పోతుంది.

హోసు మీద ఇంజెక్షన్ ప్రెషర్‌కి, ఇథనాల్‌కి తట్టుకుంటుందని రాసి ఉండాలి. నల్ల రబ్బరు అంతా ఒకటే కాదు. గాడులున్న మామూలు స్క్రూ క్లిప్పులు హోసుని కోస్తాయి, అంచు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పులే వాడండి. ఇంజన్ స్టార్ట్ చేయక ముందు పంపు ఒక్కటే 10 నిమిషాలు నడిపి, ప్రతి జాయింటునీ పొడి టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. కంటికి కనపడని తడి కాగితం మీద కనపడుతుంది. 3 బార్ మీద సన్నటి లీకు కారదు, పొగమంచులా చిమ్ముతుంది. ఆ పక్కనే హెడర్ ఉంటుంది. పంపు రిలేని ఈసీయూనే నడపాలి, ఇంజన్ తిరగకపోతే కొన్ని సెకన్లలో ఆపేయాలి. ఇగ్నిషన్ వైరుకి నేరుగా తగిలించే వాళ్లున్నారు. బండి బోల్తా పడినా ఆ పంపు పోస్తూనే ఉంటుంది. ఆ షెడ్డులో బండి ఇవ్వకండి.

పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటర్ వ్యాక్యూమ్ పైపు మ్యానిఫోల్డ్‌కి కలపాలి. పైపు తీసేసి చూస్తే గేజ్ 3 బార్, పైపు పెట్టి ఐడిల్‌లో చూస్తే 2.35 చుట్టుపక్కల ఉండాలి. రెండు రీడింగులూ ఒకటే అయితే డయాఫ్రమ్ పోయింది, లేదా పైపు మూసుకుపోయింది.

మ్యానిఫోల్డ్

మూడు దారులు ఉన్నాయి. కార్బ్ ఉన్న చోటే థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (అన్ని సిలిండర్లకూ ఒకే చోట పెట్రోల్ చిమ్మేది) బిగించడం సులువు, కానీ మ్యానిఫోల్డ్ గోడల వెంట పెట్రోల్ పారడం అలాగే ఉంటుంది. 16 వాల్వ్ ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్ ఉన్న) ఎస్టీమ్ ఇంజన్ మొత్తం తెచ్చి బిగించేయడం చౌకగా కనపడుతుంది, కానీ హెడ్డు మీద పెట్టిన డబ్బంతా పోతుంది, ఇంజన్ నంబరు మారుతుంది. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీవో అనుమతి లేకుండా అది కుదరదు. ఇంజెక్షన్ మార్పిడి గురించి కూడా పని మొదలుపెట్టక ముందే ఆర్టీవోలో అడిగి పెట్టుకోండి. 16 వాల్వ్ మ్యానిఫోల్డ్ ఒక్కటే తెచ్చి 8 వాల్వ్ హెడ్డుకి కలుపుదామంటే పోర్టులు కలవవు.

మీకు సరిపోయేది మూడోది: ఇప్పుడున్న రకం మ్యానిఫోల్డ్ ఇంకోటి తెచ్చి, దానికి ఆర్గాన్ వెల్డింగ్‌తో ఇంజెక్టర్ బుష్‌లు వేయించి, పైన చిన్న ప్లీనం (గాలి నిలిచే డబ్బా), ఎంపీఎఫ్ఐ బండి థ్రాటిల్ బాడీ పెట్టడం. చిమ్ము ఇన్‌టేక్ వాల్వ్ వీపు మీద పడేలా కోణం చూసుకోవాలి. బుష్ లోపలి కొలత వెల్డింగ్ అయ్యాకే లేత్ మీద తీయించండి, ముందే తీస్తే వేడికి వంకర పోతుంది. హెడ్డుకి తగిలే ముఖం కూడా వెల్డింగ్ తర్వాత ఒకసారి ఫేసింగ్ చేయించాలి. థ్రాటిల్ బాడీ 44 నుంచి 48 మిల్లీమీటర్లు చాలు. 60 మిల్లీమీటర్లది పెడితే కాలు ఆనిస్తే చాలు బండి దూకుతుంది, ట్రాఫిక్‌లో నడపలేరు. బ్రేక్ బూస్టర్ పైపు ప్లీనంకే రావాలి. ఇది మర్చిపోయి బండి రోడ్డు మీదికి తెస్తే బ్రేకు రాయిలా ఉంటుంది.

గాలి వేడి చూసే సెన్సార్‌ని ప్లీనంలో పెట్టొద్దు. ట్రాఫిక్‌లో అల్యూమినియం కాగి సెన్సార్ 70 డిగ్రీలు చూపిస్తుంది, లోపలికి పోతున్న గాలి మాత్రం 45. ఈసీయూ ఆ మాట నమ్మి 7 శాతం పెట్రోల్ తగ్గించేస్తుంది. సిగ్నల్ పడగానే బండి దగ్గుతుంది. ఫిల్టర్ డబ్బా మీదో, బానెట్ ముందు నుంచి వచ్చే పైపు మీదో పెట్టండి.

క్రాంక్ సెన్సార్, ఎర్త్‌లు

డిస్ట్రిబ్యూటర్ సిగ్నల్‌తో మొదలుపెట్టి తర్వాత మారుద్దామని చాలామంది అంటారు. నేను వద్దంటాను. ఎలాగూ బండి విప్పారు, ఇప్పుడే క్రాంక్ పుల్లీకి 36-1 పళ్ల చక్రం వేసేయండి. 36 పళ్లలో ఒకటి ఉండదు, ఒక్కో పన్ను 10 డిగ్రీలు. పుల్లీలో రబ్బరు పట్టీ ఉంటే బయటి రింగు కాలక్రమంలో జారుతుంది, దానితోపాటు మీ టైమింగూ జారుతుంది. చక్రాన్ని లోపలి హబ్‌కే బిగించాలి. సెన్సార్‌కీ పన్నుకీ సందు 0.8 నుంచి 1 మిల్లీమీటరు, చుట్టూ ఒకేలా ఉండాలి.

రెండు వైర్ల మాగ్నెటిక్ సెన్సార్ అయితే వైర్లు తారుమారు చేసినా బండి స్టార్ట్ అవుతుంది, చిక్కంతా అక్కడే. ఐడిల్ బాగుంటుంది, ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ టైమింగ్ పక్కకు జరుగుతుంది, లేదా ఒక చోట సింక్ పోయి టప్పున మిస్సింగ్ కొడుతుంది. పరీక్ష ఇది: ఈసీయూలో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర కట్టేసి, టైమింగ్ లైట్ పెట్టి ఐడిల్‌లో గుర్తు చూడండి. తర్వాత 4000 దాకా లేపి అదే గుర్తు చూడండి. కదిలిందంటే వైర్లు మార్చండి. ఈ పరీక్ష కాకుండా మ్యాపింగ్ మొదలుపెట్టిన వాడు గాలిలో ముగ్గు వేస్తున్నట్టే.

సెన్సార్ వైరు షీల్డ్ ఉన్నది వాడి, షీల్డ్‌ని ఈసీయూ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయాలి. ప్లగ్ వైర్ల పక్కనుంచి పోనివ్వొద్దు. ప్లగ్గులు రెసిస్టర్ ఉన్నవే వేయండి. పోటీ బండ్లకి వేసే రాగి తీగ ప్లగ్ వైర్లు ఈసీయూకి శత్రువులు.

ఈసీయూ ఎర్త్‌లన్నీ ఇంజన్ బ్లాకు మీద ఒకే బోల్టుకి రావాలి. సెన్సార్ల ఎర్త్ మాత్రం ఈసీయూ సెన్సార్ ఎర్త్ పిన్నుకే పోవాలి, బాడీకి కాదు. కూలెంట్ సెన్సార్ ఎర్త్‌ని బాడీకి కొడితే హెడ్‌లైట్ వేసినప్పుడల్లా ఇంజన్ వేడి 5 డిగ్రీలు మారినట్టు చూపిస్తుంది. బ్యాటరీ నుంచి బ్లాకుకి పోయే పాత ఎర్త్ పట్టీ పచ్చబడి ఉంటే కొత్తది వేయండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఈసీయూ పిన్ను దగ్గర 9.5 వోల్టుల కంటే పడకూడదు, మరీ కిందికి పడితే ఈసీయూ ఆగి మళ్లీ మొదలవుతుంది, బండి స్టార్ట్ కాదు. పంపుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు. ఇంజెక్టర్లకు 1 చదరపు మిల్లీమీటరు, 10 ఆంపియర్లు. జాయింట్లు క్రింప్ చేయండి. టంకం వేస్తే అది ఆగిన చోట వైరు బిరుసెక్కి వణుకుడికి తెగుతుంది.

ఈసీయూ, మ్యాపింగ్

నాలుగు సిలిండర్లకు, ఇంజెక్టర్లు రెండేసి జంటగా చిమ్మేలా, వేస్టెడ్ స్పార్క్‌తో (రెండేసి ప్లగ్గులు ఒకేసారి కొట్టే పద్ధతి) నడపడానికి మైక్రోస్క్వర్ట్ గానీ స్పీడ్వీనో గానీ సరిపోతుంది. స్పీడ్వీనో చవక, కానీ బోర్డు టంకం పని బాగా లేనిది కొంటే ఆ చవకతనం అక్కడితో సరి. ఖరీదైన డబ్బాలో దొరికే సీక్వెన్షియల్ (ఒక్కో ఇంజెక్టర్ తన వంతులో చిమ్మే పద్ధతి) వల్ల మీకు ఐడిల్‌లో కాస్త నునుపు తప్ప పెద్ద లాభం లేదు. చుట్టుపక్కల ఎవరు ఏది మ్యాప్ చేయగలరో కనుక్కుని అదే కొనండి.

పెద్ద క్యామ్ వల్ల ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఊగుతుంది. అందుకే ప్రెషర్ సెన్సార్ పైపు ఒక్క రన్నర్ (ఒక సిలిండర్‌కి పోయే గొట్టం) నుంచి కాకుండా ప్లీనం నుంచి తీయాలి. ఐడిల్ లాంబ్డా 0.95 దగ్గర పెట్టండి, 1.0 కోసం పట్టుబడితే ఆ క్యామ్‌తో వణుకుతుంది. నిలకడగా పోయేటప్పుడు 1.0, ఫుల్ థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.88. నిష్పత్తి అంకెల్లో కాకుండా లాంబ్డాలోనే పని చేయండి, బంకులో ఇథనాల్ ఎంత కలిసినా లాంబ్డా లాంబ్డానే.

మ్యాపింగ్‌లో ఒక వరుస ఉంది. మొదట టైమింగ్ లైట్ పరీక్ష. తర్వాత ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్. తర్వాత మ్యానిఫోల్డ్ ప్రెషర్ 40 నుంచి 60 కిలోపాస్కల్ మధ్య ఉండే నిలకడ వేగాలు. అవి కుదిరాకే యాక్సిలరేటర్ తొక్కినప్పటి అదనపు పెట్రోల్. చాలామంది దీన్ని మొదట ముట్టుకుంటారు, కింది మ్యాప్ తప్పుగా ఉన్నంతకాలం దీన్ని ఎంత తిప్పినా దగ్గు పోదు. నిలకడ వేగాల పని చిత్తూరు బైపాస్ మీద తెల్లవారుజామున చేసుకోవచ్చు, ల్యాప్‌టాప్ పక్క సీటువాళ్ల ఒళ్లో ఉండాలి. ఫుల్ థ్రాటిల్ టైమింగ్ మాత్రం రోడ్డు మీద వద్దు, నాకింగ్ చెవికి వినపడేసరికి పిస్టన్ దెబ్బ తిని ఉండొచ్చు. చెన్నై గానీ బెంగళూరు గానీ 200 కిలోమీటర్ల లోపే, డైనో మీద ఒక పూట పెట్టండి.

చలి స్టార్టింగ్‌కి మన దగ్గర పెద్దగా కష్టపడక్కర్లేదు. వేడి స్టార్టింగే పరీక్ష. మధ్యాహ్నం ఘాట్ ఎక్కి దిగి, ఇంజన్ ఆపి, బానెట్ మూసి 20 నిమిషాలు ఎండలో వదిలేయండి. రైలులో పెట్రోల్ కాగి బుడగలు పడుతుంది. అప్పుడు స్టార్ట్ చేస్తూ లాంబ్డా లాగ్ తీయండి. మొదటి 20, 30 సెకన్లు 1.1 పైన కనిపిస్తే కీ తిప్పగానే పంపు నడిచే సమయం 2 నుంచి 5 సెకన్లకు పెంచండి. ఇంకా మిగిలితే 90 డిగ్రీల పైన స్టార్టింగ్ తర్వాతి పెట్రోల్‌ని 5 శాతం చొప్పున పెంచుతూ చూడండి. రైలుకీ హెడర్‌కీ మధ్య ఒక అల్యూమినియం రేకు అడ్డం పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

పాత ట్యాంకులో పట్టిన జిగురుని ఈ20 కరిగించి తెస్తుంది. మొదటి ఫిల్టర్ 200 కిలోమీటర్లకే మార్చండి, కోసి లోపల చూడండి. ఎర్రటి తుప్పు కనిపిస్తే ట్యాంకు దించాల్సిందే, ఇంకో ఫిల్టర్ వేసి లాభం లేదు.

క్యామ్ కార్డు (క్యామ్ కొలతల కాగితం), ఇప్పుడున్న జెట్ల నంబర్లు, వైడ్‌బ్యాండ్ పెట్టాక మొగిలి ఘాట్ ఎక్కిన ఒక లాగ్ ఇక్కడ పెట్టండి. 32/36 కార్బ్‌నీ దాని మ్యానిఫోల్డ్‌నీ వచ్చే మే దాటేదాకా అమ్మకండి. వెల్డింగ్‌కి పాత ఇంజన్‌ది ఇంకో మ్యానిఫోల్డ్ వెతుక్కోండి.